బీటెక్ అయ్యాక కూడా స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ చేయాలా?

ఎర్రనేల_అనంతపురం

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే బీటెక్ మెకానికల్ అయిపోయింది. బ్యాక్‌లాగ్స్ ఏమీ లేవు, కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాలేదు. ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. బెంగళూరులో ఒక స్టార్టప్ ఆరు నెలల డిజైన్ ఇంటర్న్‌షిప్ ఇస్తానంది. మొదటి మూడు నెలలు పైసా ఇవ్వరట, ఆ తర్వాత "పర్ఫార్మెన్స్ చూసి" ఇస్తారట. రెండోది పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌షిప్, నెలకు తొమ్మిది వేలు. నాన్నది వేరుశనగ సేద్యం. ఈసారి పంట ఎట్లా వచ్చిందో అడగొద్దు. ఫ్రెండ్స్ అందరూ బెంగళూరుకే ఓటేస్తున్నారు. చదువైపోయాక కూడా ఊరికే పనిచేయడం ఎంతవరకు సబబు? పెద్దవాళ్లు చెప్పండి.

బురుజు_కింద (కర్నూలు)

ఊరికే ఎక్కడ తమ్ముడూ? నువ్వే ఎదురు కడుతున్నావు. పీజీ హాస్టల్‌కి, తిండికి, సిటీ బస్సులకు బెంగళూరులో నెలకు పన్నెండు వేలు లేనిదే గడవదు. మూడు నెలలకు లెక్క వేసుకో. ఆ డబ్బు మీ నాన్న అప్పు తెచ్చి ఇవ్వాలి. డబ్బున్న ఇళ్ల పిల్లలు ఏడాదైనా ఖాళీగా కూర్చోగలరు కాబట్టే ఈ కంపెనీలు ఇట్లా అడగగలుగుతున్నాయి. ఆఫీసు అద్దె కట్టడానికి డబ్బుంటుంది, కరెంటు బిల్లుకు ఉంటుంది, పనిచేసే పిల్లాడికి ఇచ్చేదగ్గరే ఉండదా?

నా ఓటు అప్రెంటిస్‌షిప్‌కే. కాకపోతే ఒకటి కనుక్కో. అది నిజంగా 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, నాట్స్ (కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో కాంట్రాక్ట్ రిజిస్టర్ చేసేదేనా, లేక నోటి మాటతో "ట్రైనీ" అంటున్నారా? రిజిస్టర్ అయితే దానికో అర్థం ఉంది. 2019లో నియమాలు సవరించి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్‌ను 9,000 చేశారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకో. ఆ కనీసంలో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. అంటే కంపెనీ జేబులోంచి పోయేది తక్కువే, అందుకే తీసుకోవడానికి ముందుకొస్తారు. మిషన్ దగ్గర దెబ్బ తగిలితే నష్టపరిహారం కూడా ఆ చట్టంలోనే ఉంది. నోటి మాట ట్రైనీకి ఏదైనా అయితే ఎవరిని పట్టుకుంటావు?

గండికోట_టు_కోరమంగళ

నేను కడప జిల్లా వాడినే, బెంగళూరులో ఇంటర్వ్యూలు తీసుకునే వైపు కూర్చుంటాను. బురుజు అన్న కోపం న్యాయమే, కానీ నేను ఒప్పుకోను. డిజైన్‌లోకి పోవాలనుకున్నవాడు ఏడాది అసెంబ్లీ లైన్ దగ్గర నిలబడితే, తర్వాత డిజైన్ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు రెజ్యూమె పక్కన పెట్టేస్తారు. నేనే పక్కన పెట్టాను, అబద్ధం చెప్పను. తొమ్మిది వేలకు ఆశపడి దారి మార్చుకోవద్దు.

స్టైపెండ్ కంటే ముందు అడగాల్సింది, నీ పని ఎవరు చూస్తారని. సీనియర్ డిజైనర్ ఉండి, నువ్వు గీసిన డ్రాయింగ్ మీద ఎర్ర పెన్ను పెట్టి టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో ఆ హద్దు) ఎందుకు తప్పో చెప్పేవాడైతే మూడు నెలలు అప్పు చేసైనా పో. అట్లాంటివాడు లేకుండా నలుగురు ఇంటర్న్‌లే కూర్చుని క్లయింట్ పని లాగించేస్తుంటే, నెలకు ఇరవై వేలిచ్చినా వద్దు.

బురుజు_కింద (కర్నూలు)

అప్పు చేసైనా పో అనడం కోరమంగళలో కూర్చుని సులభమే సామీ.

షిఫ్ట్_బి

ఇద్దరి మాటా చదివాను. నేను పెనుకొండ బెల్టులోనే అప్రెంటిస్‌గా చేరి, ఇప్పుడు వేరే కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల సప్లయర్లు చాలామంది వచ్చారు. పని ఉంది. కానీ లోపల ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు, నేను చెబుతా.

ప్రొడక్షన్‌లో మనుషులు తక్కువైతే అప్రెంటిస్‌నే లైన్‌లో నిలబెడతారు. ఒకే స్టేషన్, ఒకే బోల్ట్. నోరు తెరవకపోతే ఏడాదంతా అంతే. నా బ్యాచ్‌లో సగం మంది అట్లాగే గడిపి సర్టిఫికెట్ తీసుకుని పోయారు. నేను చేరిన వారానికే ట్రైనింగ్ ఆయన్ని పట్టుకుని "సార్, మా ట్రైనింగ్ ప్లాన్ ఉంది కదా, ఒకసారి చూపిస్తారా" అన్నాను. కాగితం మీద క్వాలిటీ, టూల్ రూమ్, మెయింటెనెన్స్ అన్నీ ఉన్నాయి! చూపించాక మార్చక తప్పలేదు. ముఖం మాడ్చుకున్నాడు, అది వేరే సంగతి.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. షాప్ ఫ్లోర్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, డ్రాయింగులు బయటికి తేవడం తప్పు కూడా. అందుకని బ్రేక్‌డౌన్ జరిగిన ప్రతిసారీ మిషన్ ఎందుకు ఆగింది, ముందు ఏమనుకున్నారు, చివరికి ఏం తేలింది, ఎంతసేపు ప్రొడక్షన్ పోయింది అని నా మాటల్లో రాసుకునేవాణ్ని. హైడ్రాలిక్ ప్రెస్ ప్రెజర్ పట్టడం లేదంటే అందరూ పంప్ అన్నారు. తీరా చూస్తే ఆయిల్‌లో చెత్త చేరి వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. తర్వాత ఇంటర్వ్యూలో "నువ్వు చూసిన ఒక ఫెయిల్యూర్ చెప్పు" అన్నప్పుడు ఇదే చెప్పా. మార్కుల గురించి అడగనే లేదు.

షిఫ్ట్ మారే టైముకు పావుగంట ముందు పోండి. పాత ఆపరేటర్లు ఒకరికొకరు చెప్పుకునేది అప్పుడే. ఏ మిషన్ మొరాయిస్తోంది, ఏది చూసుకోవాలి అన్నీ అక్కడే తెలుస్తాయి. వాళ్లలో చాలామంది ఐటీఐ చదివినవాళ్లు. "నేను బీటెక్" అన్న బిల్డప్‌తో పోతే ఒక్కరూ పలకరు. అన్నా అంటే అన్నీ చెబుతారు.

ఇంకోటి. అప్రెంటిస్‌తో ఓవర్‌టైం చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఆ చట్టం కింద ఉండే ప్రభుత్వ అధికారి) అనుమతి ఉండాలి. రెండు షిఫ్టులు లాగమంటే ఈ మాట మెల్లగా గుర్తు చేయండి. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇస్తారనుకుని కూర్చోవద్దు, చాలాచోట్ల ఇవ్వరు. ఎనిమిదో నెల నుంచే బయట అప్లై చేయండి.

చాక్‌పీస్_సార్

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని, ఒక్క మాట కలుపుతాను. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఎంతమంది నిజంగా చేశారు? ఫీజు కడితే చాలు, వాట్సాప్‌లో సర్టిఫికెట్ పంపే సంస్థలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. అందుకే మన పిల్లలు చదువైపోయాక మళ్లీ మొదటి నుంచి ఇంటర్న్‌గా చేరాల్సి వస్తోంది. డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ ఇస్తామంటే అది కోచింగే. అట్లాగే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు నాయనా. చూపించండి, వెనక్కి తెచ్చుకోండి.

దేవుని_కడప_అమ్మాయి

నాది బీఎస్సీ. ఇంజనీరింగ్ వాళ్లకే ఇవన్నీనా? ఇంట్లో బెంగళూరు అంటే ఒప్పుకోరు.

బురుజు_కింద (కర్నూలు)

లేదమ్మా, నాట్స్‌లో ఇంజనీరింగ్ కాని డిగ్రీలకు కూడా ఖాళీలు ఉంటాయి. పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ అని ఇంకోటి ఉంది. 2024 అక్టోబర్‌లో పైలట్‌గా మొదలుపెట్టినప్పుడు వయసు 21 నుంచి 24, ఏడాది పాటు నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 అని పెట్టారు. కానీ జాగ్రత్త, నాట్స్ పూర్తి చేసినవాళ్లు దానికి అర్హులు కాదని పైలట్ నిబంధనల్లో ఉంది. రెండూ వరసగా చేద్దాం అనుకోవద్దు. పోర్టల్‌లో ఇప్పటి నిబంధనలు చూసుకుని అప్లై చెయ్యి. జిల్లా ఎంచుకునే వీలుంది, కడపనే పెట్టి చూడు.

గండికోట_టు_కోరమంగళ

షిఫ్ట్_బి రాసింది చదివాక కూడా నా మాట మారలేదు, అతను మెయింటెనెన్స్‌లో సెటిల్ అయ్యాడు కాబట్టి ఆ ఏడాది కలిసొచ్చింది. ఎర్రనేలా, నువ్వు చెప్పు. నీకు డిజైన్ కావాలా, ఉద్యోగం కావాలా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఏం చేశావు?

ఎర్రనేల_అనంతపురం

అన్నా, ప్రాజెక్ట్ వేరుశనగ కాయలు ఒలిచే మిషన్. సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ నేనే చేశా, ఫ్యాబ్రికేషన్ కూడా టవర్ క్లాక్ దగ్గర ఒక వర్క్‌షాప్‌లో నేనే నిలబడి చేయించా. నిజం చెప్పాలంటే కంప్యూటర్ ముందు కన్నా ఆ వర్క్‌షాప్‌లోనే బాగుండింది.

స్టార్టప్‌కు నిన్న మెయిల్ పెట్టా. నా పని ఎవరు చూస్తారు, మూడు నెలల తర్వాత ఎంత ఇస్తారు, ఆఫర్ లెటర్‌లో రాసిస్తారా అని అడిగా. "వచ్చాక మాట్లాడదాం" అని జవాబు. ఫ్యాక్టరీ వాళ్లను నాట్స్ కాంట్రాక్ట్ గురించి అడిగితే పోర్టల్‌లో నా ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఇమ్మన్నారు. సోమవారం పెనుకొండ పోతున్నా. షిఫ్ట్_బి అన్నా, ఆ ట్రైనింగ్ ప్లాన్ చేరకముందే అడగొచ్చా, చేరాక అడగాలా?

షిఫ్ట్_బి

ముందే అడుగు. చేరాక అడిగితే నాకు పెట్టినట్టే ముఖం పెడతారు.