తెల్ల ఫ్లాక్స్ కాస్తా మెజెంటా అయిపోయింది, ఆకుల నిండా బూడిద తెగులు. పీకెయ్యాలా, ఉంచాలా?

వంకాయపువ్వు_ఎన్‌జే

అందరికీ నమస్కారం. మాది సెంట్రల్ న్యూజెర్సీ, జోన్ 7 (చలికాలం చలిని బట్టి ఇక్కడ తోటలకి చెప్పే లెక్క). మూడేళ్ల కిందట ఈ ఇల్లు కొన్నప్పుడు వెనక గ్యారేజీ గోడకీ చెక్క ఫెన్స్‌కీ మధ్య మూలలో ఏవో పొడుగు మొక్కలు ఆరేడు దుబ్బులుగా ఉన్నాయి. కలుపేమో పీకేద్దాం అనుకుంటుంటే పక్కింటి పెద్దావిడ చూసి, అవి గార్డెన్ ఫ్లాక్స్, ఆగండి అంది కాబట్టి బతికిపోయాయి. ఆ ఏడు జులై నెలాఖరుకి అన్నీ తెల్లగా పూశాయి. ఒక్కో గుత్తి నా రెండు అరచేతులంత. వరలక్ష్మీ వ్రతానికి బయట పూలు కొనే పనే పడలేదు, సాయంత్రం కిచెన్ కిటికీ తీస్తే వాసన లోపలికొచ్చేది.

ఇప్పుడేమో సగానికి పైగా ఒకరకం వెలిసిపోయిన మెజెంటా రంగులో పూస్తున్నాయి. తెల్లవి రెండు దుబ్బులు మిగిలాయేమో. దానికి తోడు జూన్ నుంచే ఆకుల మీద ముగ్గుపిండి చల్లినట్టు బూడిద తెగులు, కింది ఆకులన్నీ ఎండి కాడకే వేలాడుతున్నాయి, పైన పూలు, కింద పుల్లలు. రోజూ సాయంత్రం హోస్‌తో పైనుంచి శుభ్రంగా తడుపుతున్నా కూడా.

అమ్మ వాట్సాప్ వీడియోలో చూసి పుల్లమజ్జిగ కొట్టమంటుంది, మా ఆయన వేపనూనె అంటాడు. నా అసలు టెన్షన్ వేరే: ఈ మూలకి పదడుగుల దూరంలోనే సొర పందిరి, దోస పాదులు ఉన్నాయి. ఈ తెగులు వాటికి అంటుకుంటుందా? మట్టిలో ఏదైనా తేడా వల్ల రంగు మారిందా? సున్నం వెయ్యాలా?

బక్స్‌కౌంటీ_బాబాయ్

అమ్మా, సున్నం జోలికి వెళ్లకు. మట్టిని బట్టి రంగు మారేది హైడ్రేంజియా, ఫ్లాక్స్ కాదు. నీ తెల్ల మొక్కలు రంగు మార్చుకోలేదు, వాటి పిల్లలు వాటిని తొక్కేశాయి. వాడిన గుత్తులు కొయ్యకుండా వదిలేసి ఉంటావు, ఆ చిన్న కాయలు ఎండి టప్పున పగిలి గింజలు అంత దూరం చిమ్ముతాయి, అందులోంచి వచ్చిన మొక్క తల్లిలా ఉండదు, ఎక్కువగా అడవి ఫ్లాక్స్ రంగుకే పోతుంది, అదే నీ మెజెంటా. పైగా ఆ పిల్ల మొక్కలకి బలం ఎక్కువ. తల్లి దుబ్బు మధ్యలోనే మొలిచి రెండు మూడేళ్లలో దాన్ని మింగేస్తాయి. బయట నుంచి చూసేవాళ్లకి మొక్కే రంగు మారినట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది, నేనైతే నర్సరీ వాడు మోసం చేశాడని ఏడాదంతా తిట్టుకున్నాను.

ఇప్పుడే వెళ్లి తెల్లగా పూస్తున్న కాడలకి ఎర్ర ఉన్ని దారం కట్టు. పూలు పోయాక ఏది ఏదో ఎవరికీ తెలీదు, ఆకులు చూసి పోల్చలేం. వాడిన గుత్తుల్ని గింజ కట్టకముందే, ఆకుల జత పైదాకా కత్తిరించెయ్, కొన్ని పక్క కొమ్మలు మళ్లీ చిన్న గుత్తులు వేస్తాయి కూడా.

ఇక తెగులు సంగతి. నువ్వు రాసినదాంట్లో అసలు విషయం ‘గోడకీ ఫెన్స్‌కీ మధ్య మూల’ అన్న ముక్క. గాలి ఆడదు. గోడ వేడి తిరిగి కొడుతుంది. గ్యారేజీ చూరు కింద కాబట్టి వాన పడినా మొదళ్ల దాకా రాదు, చెయ్యి పెట్టి చూడు, నాలుగంగుళాల కింద మట్టి పొడిపొడిగా ఉంటుంది. ఈ బూడిద తెగులు మిగతా ఫంగస్‌ల లాంటిది కాదు, దీనికి ఆకు మీద నీళ్లు అక్కర్లేదు. పగలు వేడి, రాత్రి చల్లదనం, గాలిలో తేమ, కింద ఎండిన వేళ్లు, ఈ నాలుగూ ఉంటే చాలు. నువ్వు సాయంత్రం పైనుంచి కొట్టే నీళ్లు ఆకుని తడిపి వేరే మచ్చ తెగుళ్లకి దారి ఇస్తున్నాయి, వేళ్లకి మాత్రం గుక్కెడు కూడా అందడం లేదు. సోకర్ హోస్ (పొడుగునా సన్నగా నీళ్లు ఊరే గొట్టం) పరిచి వారానికి అంగుళం నీళ్లు మొదట్లోకి దిగేలా పొద్దున పూట వదులు, పైన రెండంగుళాలు ఆకు మల్చ్ వెయ్, కాడలకి తగలకుండా.

మజ్జిగ, వేపనూనె, పొటాషియం బైకార్బనేట్, ఏదైనా గానీ, తెగులు రాకముందో, మొదటి మచ్చ కనపడ్డప్పుడో కొడితే కొంచెం ఆపుతాయి. ఇప్పుడు తెల్లబడిన ఆకు మళ్లీ పచ్చబడదు. వేపనూనె మంట ఎండలో కొడితే ఆకు మాడుతుంది, పూల మీద తేనెటీగలు ఉన్నప్పుడు అసలే వద్దు. అమ్మని మాత్రం ఏమీ అనకు, పుల్లమజ్జిగ మన ఊళ్లలో కూరగాయలకి కొట్టేదే, ఆవిడ తప్పు చెప్పలేదు. ఆలస్యమైంది, అంతే.

సొర గురించి భయం వద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఫ్లాక్స్ మీద వచ్చే ఫంగస్ వేరు, సొర దోసల మీద వచ్చేది వేరు, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకదు. నీ దోసకి ఆగస్టులో బూడిద పట్టిందంటే అది దాని సొంత బూడిద.

ఇంతకీ నా మాట: ఆ మూల నుంచి తీసెయ్. సెప్టెంబర్ మధ్యలో, లేదా ఏప్రిల్‌లో పిలకలు రెండు మూడంగుళాలు లేచినప్పుడు, దారం కట్టిన దుబ్బుని పారతో చుట్టూ తవ్వి ఎత్తు. మధ్యలో చెక్కలా గట్టిపడిన భాగం పారెయ్, అంచున ఉన్న లేత పిలకలు మూడు నాలుగు కలిపి ఒక ముక్కగా విడదీసి, రెండడుగుల ఎడంతో నాటు. మూడు నాలుగేళ్లకోసారి ఇలా విడదీస్తూనే ఉండాలి, లేకపోతే మళ్లీ ఇరుకు. పాత మూలలో తెగిన వేరు ముక్కలు మిగిలితే అవీ మొలుస్తాయి, వచ్చే వసంతంలో చూసి ఆశ్చర్యపోకు. మే నెలలో దుబ్బు జానెడెత్తు ఉన్నప్పుడు మనసు గట్టి చేసుకుని సన్నటి కాడలన్నీ మొదటికి కోసేసి ఐదారు బలమైనవి ఉంచు. ఈ ఒక్క పనే ఏ స్ప్రే కన్నా ఎక్కువ పని చేస్తుంది. చలికాలం ముందు కాడలు నేలకి కోసి చెత్త సంచిలో వేసెయ్, కంపోస్ట్‌లో వద్దు.

ఎక్కడ నాటాలి అంటే, పొద్దుటి ఎండ తగిలే తూర్పు వైపు, ఆరు గంటల ఎండ ఉంటే చాలు. దీన్ని ఎప్పుడూ బెడ్‌లో ముందు వరసలో పెట్టకు. ఎంత బాగా పెంచినా ఆగస్టుకి మోకాళ్ల కింద ఆకు ఉండదు, ఆ కాళ్లు దాచడానికి ముందు క్యాట్‌మింటో, హార్డీ జెరేనియమో వేసుకోవాలి. వెనక జో పై వీడ్, పక్కన ఒక గుంపు పసుపు పూల బ్లాక్ ఐడ్ సూజన్. తెల్ల ఫ్లాక్స్ పక్కన ఆ పసుపు ఎంత బాగుంటుందో చీర మీద బోర్డర్‌లా చూస్తావు. ఒక్కో మొక్క విడివిడిగా కాకుండా మూడేసి కలిపి నాటితేనే దూరం నుంచి కంటికి ఆనుతుంది.

గునుగుపూలు_ఒహాయో

బాబాయ్ గారు చెప్పిందంతా కరెక్టే గాని అక్కా, నన్నడిగితే ఆ పాతవాటిని అంత కష్టపడి కాపాడుడు దండగ. పేరు తెలియని మొక్క, బూడిద పడుతదని ఇప్పటికే రుజువైంది, ఎక్కడ పెట్టినా ఎంతో కొంత పడుతది. కొత్త రకం కొనుక్కో. మేము రెండేళ్ల కింద డెలావేర్‌లో మౌంట్ క్యూబా సెంటర్‌కి పోయినం, అక్కడ ఫ్లాక్స్ రకాలు పక్కపక్కన నాటి ఏళ్ల తరబడి పరీక్ష చేసిన్రు, తెగులు తట్టుకోవడంలో గానీ సీతాకోకచిలుకలు వాలడంలో గానీ ముందు నిలిచింది ‘జీనా’ అనే రకం. టెనెసీలో నాష్‌విల్ దగ్గర హార్పెత్ నది ఒడ్డున దొరికిన మొక్క అది. లావెండర్ పింక్, పూలు మాత్రం చాలా చిన్నగ ఉంటయి. పెద్ద పూలు కావాలంటే నచ్చకపోవచ్చు, ఐదడుగుల దాకా పెరుగుతది. మా ఇంట్ల ఆగస్టులో దాని మీద టైగర్ స్వాలోటెయిల్ సీతాకోకచిలుకలు ఒకేసారి నాలుగు కూడా లెక్కపెట్టిన, పిల్లలు హోంవర్క్ వదిలేసి కిటికీ దగ్గరనే.

తెల్లదే కావాలంటే ‘డేవిడ్’. 2002లో పెరెన్నియల్ ప్లాంట్ ఆఫ్ ది ఇయర్ అదే. దానికి అస్సలు రాదు అని నర్సరీలో అంటరు, నమ్మకు, తక్కువ వస్తది, అంతే.

ఇంకో మాట ఎవరూ చెప్పలేదు: జింకలు. మా సబ్‌డివిజన్‌లో మొగ్గలు విచ్చేముందు రోజు రాత్రి వచ్చి పైన జానెడు జానెడు కొరికేసి పోయినయి, పొద్దున లేచి చూస్తే ఎవరో కత్తెరతో గీటు పెట్టినట్టు ఒకే ఎత్తులో. లేత పిలకలు కుందేళ్లకి. మీ దగ్గర ఫెన్స్ ఉంది కాబట్టి అదృష్టం, ముందు యార్డ్‌లోకి మార్చాలనుకుంటే మాత్రం ఆలోచించు.

బతుకమ్మకి పనికొస్తదా అని ఎవరన్నా అడుగుతరని ముందే చెప్తున్న. పనికి రాదు. ఒక ఏడు ఆశపడి రెండు వరసలు పేర్చిన, ఆట మొదలయ్యే సరికే పూరెక్కలన్నీ తాంబాళంలో రాలిపోయి ఉన్నయి. బంతి, సీతజడలే నయం.

కూకట్‌పల్లి_టెర్రస్

నేను హైదరాబాద్ నుంచి చదువుతున్నా. మా అమ్మాయి కూడా న్యూజెర్సీలోనే, డిసెంబర్‌లో వస్తోంది. ఒక పిలక తడిగుడ్డలో చుట్టి తెమ్మంటే ఇక్కడ బతుకుతుందా అండీ? ఇక్కడ నర్సరీల్లో చలికాలం ఫ్లాక్స్ అని అమ్ముతారు గానీ అది జానెడు కూడా ఉండదు.

బక్స్‌కౌంటీ_బాబాయ్

వద్దండీ. మొక్కలు అలా సూట్‌కేసులో తేకూడదు, పర్మిట్, సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసుకుంటారు. తెచ్చినా లాభం లేదు, దీనికి గడ్డకట్టే చలిలో నిద్రపోయే కాలం కావాలి, హైదరాబాద్ ఏప్రిల్ దాటడం కష్టం. మీ దగ్గర అమ్మేది ఫ్లాక్స్ డ్రమ్మండై, ఏకవార్షికం. అదీ ఇక్కడిదే, టెక్సస్ మొక్క, 1830లలో డ్రమ్మండ్ అనే ఆయన గింజలు ఇంగ్లండ్ పంపితే ప్రపంచమంతా పాకింది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో గింజ చల్లుకుంటే కుండీల్లో చక్కగా పూస్తుంది, అదే పెంచుకోండి.

గునుగుపూలు గారూ, జీనా మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయికి ఉన్నది వ్రతానికి పూసిన తెల్ల మొక్క, దాన్ని దండగ అనేస్తే ఎలా.

వంకాయపువ్వు_ఎన్‌జే

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే వెళ్లి వేలు పెట్టి చూశాను బాబాయ్, మీరు చెప్పినట్టే, పైన తడి, రెండంగుళాల కింద పొడి ఇసకలా ఉంది. మూడేళ్లుగా రోజూ నీళ్లు పోస్తున్నా! అమ్మకి చెప్తే మజ్జిగ కొట్టు, నీళ్లు కూడా పొయ్యి అంది.

ఎర్ర దారం కట్టడానికి వెళ్తే తెల్లగా పూసే కాడలు మొత్తం పదకొండే ఉన్నాయి, రెండు దుబ్బులు అనుకున్నది కూడా ఒకటిన్నరే. వాటిని సెప్టెంబర్‌లో డెక్ పక్కన తూర్పు వైపుకి మారుస్తాను, పక్కనే ఒక జీనా కూడా కొంటాను, ఎవరిదీ కాదనకుండా. ఒక్కటే డౌటు. అటువైపు నేల బంకమట్టి, వానొస్తే గంటసేపు నీళ్లు నిలుస్తాయి. బెడ్ ఎత్తు చెయ్యాలా, కంపోస్ట్ కలిపితే సరిపోతుందా?

బక్స్‌కౌంటీ_బాబాయ్

గంటసేపు అయితే పర్వాలేదు, రోజంతా నిలిస్తే కష్టం. మూడు నాలుగంగుళాల కంపోస్ట్ వేసి పార లోతు కలిపెయ్, బెడ్ దానంతటదే కాస్త ఎత్తు అవుతుంది. ఇసక మాత్రం కలపకు, బంకమట్టిలో ఇసక పడితే ఇటుకైపోతుంది. నాటిన వారం రోజులు ఆకులు వాలిపోయినట్టు ఉంటే కంగారుపడకు, సగానికి కోసెయ్.