కాన్‌స్టంటా, కన్సిస్టెంటా? మా టీం లీడ్ కొట్టేసింది, తేడా ఏంటో చెప్పండి

బెంచ్‌మీద_బాబు: నెలాఖరు రిపోర్టులో మా జూనియర్ గురించి, అతని పనితీరు "కాన్‌స్టంట్‌గా బాగుంది" అనే అర్థంలో ఇంగ్లీషులో రాశాను. మా టీం లీడ్ ఆ మాట కొట్టేసి "కన్సిస్టెంట్" అని మార్చి, టీం మొత్తానికి కాపీ పెట్టి పంపింది. రెండూ మారకుండా ఉండడమే కదా? ఏంటి తేడా?

ఫిజిక్స్_మాస్టారు: ఒకటి కాదు బాబూ. కాన్‌స్టంట్ అంటే తెంపు లేకుండా, విలువ మారకుండా ఉండేది. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. అది ఎప్పుడూ మారదు కాబట్టే 1983లో మీటరు కొలతనే దాని ఆధారంగా నిర్వచించారు. కన్సిస్టెంట్ అనాలంటే విడివిడి సందర్భాలు ఉండాలి, ప్రతిసారీ ఇంచుమించు అదే స్థాయి కనిపించాలి. ద్రావిడ్‌ని చూడు, 164 టెస్టుల్లో 13,288 పరుగులు, సగటు 52 పైన. మధ్యలో సున్నాలూ ఉన్నాయి, డబుల్ సెంచరీలూ ఉన్నాయి, అయినా కన్సిస్టెంట్ అంటాం. కాన్‌స్టంట్ అయితే దిగిన ప్రతిసారీ సరిగ్గా 52 కొట్టి వెళ్లిపోవాలి. మీ టీం లీడ్ దిద్దింది కరెక్టే.

తెలుగుమీడియం_ట్రైనర్: మాస్టారూ, ఫిజిక్స్ ఇంగ్లీషు వేరు, మనుషులు మాట్లాడే ఇంగ్లీషు వేరు. "కాన్‌స్టంట్ కంప్లైంట్స్" అంటారు కదా, ఇరవై నాలుగు గంటలూ ఊపిరి తీసుకోకుండా ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? మాటిమాటికీ అని అర్థం, డిక్షనరీలోనే ఉంటుంది. తెంపు లేకుండా అన్న మీ నిర్వచనం అక్కడే పోయింది. రెండు మాటలూ లాటిన్‌లో నిలబడడం అనే కుటుంబం నుంచి వచ్చినవే.

ఫిజిక్స్_మాస్టారు: ఒకే కుటుంబమైతే ఒకే అర్థమా? మా అన్నదమ్ములు నలుగురం నాలుగు రకాలు. "కాన్‌స్టంట్ కంప్లైంట్స్"లో ఉన్నదీ తెంపు లేదనే భావమే, వినేవాడికి విసుగెత్తి అలా అనిపిస్తుంది. అక్కడ "కన్సిస్టెంట్ కంప్లైంట్స్" అని పెట్టి చూడండి. వేర్వేరు కస్టమర్లు ఒకే లోపం గురించి చెబుతున్నారనే వైపు అర్థం పోతుంది. సులువుగా చెప్తాను. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద పెడితే అది తిరిగే వేగం కాన్‌స్టంట్. రోజూ రాత్రి పదింటికి ఆ ఫ్యాన్ వెయ్యడం కన్సిస్టెంట్.

గోదారిగట్టు: మా ఊళ్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టొచ్చు మాస్టారూ. కాన్‌స్టంట్ ఎక్కడిది?

తెలుగుమీడియం_ట్రైనర్: చూశారా? మీ ఉదాహరణే నిలబడలేదు.

ఫిజిక్స్_మాస్టారు: వోల్టేజీ స్థిరంగా ఉన్నప్పుడు అని వేరే చెప్పాలా అండి! ఫ్యాన్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు, వోల్టేజీ తగ్గితే స్లిప్ పెరిగి వేగం తగ్గుతుంది, ఇది ఇంటర్ పిల్లాడికి కూడా తెలుసు. దానికీ మాట అర్థానికీ ఏం సంబంధం?

వార్డు_సిస్టర్: నొప్పితో వచ్చిన వాళ్లని మేం మొదట అడిగేది, అది కాన్‌స్టంట్‌గా ఉందా, వచ్చి పోతోందా అని. అక్కడ కన్సిస్టెంట్ అనం. రిపోర్టులో "డెంగ్యూతో కన్సిస్టెంట్" అని ఉంటే లక్షణాలు దానికి సరిపోతున్నాయని, అంతే. అది ఇంకో వాడుక. నైట్ డ్యూటీ ఉంది, వెళ్తున్నా.

పులిహోర_ఫ్యాన్: మరి వంటల వీడియోల్లో దోశ పిండి కన్సిస్టెన్సీ అంటారే?

ఫిజిక్స్_మాస్టారు: అది పిండి ఎంత చిక్కగా, ఎంత జారుగా ఉందో చెప్పే మాట. దాన్ని ఇక్కడికి తేవద్దు. ఫ్యాన్ సంగతికి ఇంకా జవాబు రాలేదు.

తెలుగుమీడియం_ట్రైనర్: ఫ్యాన్ ఫ్యాన్ అని పట్టుకున్నారు. సరే, ఓపెన్‌గా చెప్తాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి ఉద్యోగంలో నిండు మీటింగ్‌లో ఇలాంటి మాటే ఒకటి తడబడితే మేనేజరు నవ్వాడు, ఆయన్ని చూసి మిగతావాళ్లూ నవ్వారు. ఆ తర్వాత చాలాకాలం మీటింగ్‌లో నోరు తెరవలేదు. అదే తప్పు పెద్ద కాన్వెంట్‌లో చదివినవాడు చేస్తే స్పీడ్‌లో అన్నాడులే అని వదిలేసేవాళ్లు. వాళ్లు దిద్దేది మాటని కాదు, మనిషిని.

ఫిజిక్స్_మాస్టారు: నేను మాత్రం కాన్వెంట్‌లో చదివానా? వీధిబడే. అర్థమైతే చాలు, ఏ మాట వాడినా ఒకటే అని ఎవరో చెప్పగా నమ్మి ఇంటర్వ్యూకి వెళ్లి దెబ్బతిన్న పిల్లల్ని నేను చూశాను. తేడా చెప్పకుండా దాచడమే వాళ్లకి చేసే అన్యాయం. ఫీజు తీసుకుని మీరు నేర్పేది కూడా ఇదేనా?

గోదారిగట్టు: అయిపోయింది, ఫీజు దాకా వచ్చారు 😄

తెలుగుమీడియం_ట్రైనర్: ఫీజు మాట అనవసరం మాస్టారూ, మర్యాదగా ఉండదు. తేడా లేదని నేనన్న పోస్టు ఒక్కటి చూపించండి. ఆ రిపోర్టులో కన్సిస్టెంటే సరైన మాట, నా క్లాసులోనూ అదే చెప్తాను. నాకు మండింది టీం మొత్తానికి కాపీ పెట్టడం చూసి. విడిగా పిలిచి చెబితే నిమిషం పని. మీరేమో దిద్దింది కరెక్టే అని ఒక్క ముక్కలో తేల్చేశారు, కాపీ సంగతి మీ కంటికి ఆనలేదు.

ఫిజిక్స్_మాస్టారు: అతను అడిగింది మాటల తేడా, నేను దానికే చెప్పాను. క్లాసులో ఒకడి తప్పు బోర్డు మీద దిద్దితేనే అరవై మందికీ తెలుస్తుంది. అందులో అవమానం ఏముంది?

తెలుగుమీడియం_ట్రైనర్: ఆ బోర్డు ముందు నిలబడ్డ వాడిని అడగండి.

బెంచ్‌మీద_బాబు: మీరిద్దరూ ఆగండి సార్. కాపీ పెట్టినందుకు బాధపడ్డ మాట నిజమే. మాటల తేడా మాత్రం సిస్టర్ గారి పోస్టుతో తెలిసిపోయింది. ఇంకో డౌట్. నా అప్రైజల్‌లో "కన్సిస్టెంట్లీ మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్" అని రాశారు. పొగిడినట్టేనా?

ఫిజిక్స్_మాస్టారు: కన్సిస్టెంట్ అనేది దానంతట అది పొగడ్త కాదు. రోజూ అరగంట లేటుగా వచ్చేవాడు కూడా కన్సిస్టెంటే.

తెలుగుమీడియం_ట్రైనర్: ఈ ముక్క మాత్రం మాస్టారు సరిగ్గా చెప్పారు. తమ్ముడూ, నువ్వు చూడాల్సింది "మీట్స్" అన్న మాట. ఆశించినంత చేశావు, మించలేదు అని.

కాఫీబ్రేక్_హెచ్‌ఆర్: చాలా కంపెనీల్లో అది మధ్య రేటింగ్. హైక్ కూడా మధ్యస్తంగానే వస్తుంది. నీకు ఒప్పుకోలు కాకపోతే రివ్యూ మీటింగ్‌లోనే, చేసిన పనులు చూపించి అడుగు. ఫారం ఓకే చేశాక కదిలించడం కష్టం.