వినపడని మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు. ఇలాంటివి చూసినవాళ్ళు చెప్పండి

ఉండి_చెరువుగట్టు:
మా పెద్దమ్మ కొడుకుకి పుట్టుకతో వినపడదు, మాట రాదు. బడి మొహం చూడలేదు. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు పోయాయని చెరువు యజమాని కేసు పెడితే వీణ్ణి తీసుకెళ్ళారు. స్టేషన్లో ఏం అడిగారో తెలీదు గానీ, ఎవరేం అడిగినా తలూపడం వీడి అలవాటు. టీ తాగుతావా అన్నా ఊపుతాడు, తిట్టినా ఊపుతాడు. రిమాండ్ రిపోర్టులో నేరం ఒప్పుకున్నాడని రాశారు, కింద వేలిముద్ర వేయించారు. ఇప్పుడు సబ్ జైల్లో ఉన్నాడు. పెద్దమ్మ అన్నం ముట్టట్లేదు. మేం ఏం చేయాలి?

కోర్టు_వరండా:
ముందు టెన్షన్ పడకండి. పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న కాగితం ఒక్కటే కోర్టులో నిలవదు. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికిందని రాస్తే అంతవరకే పనికొస్తుంది. కాబట్టి మోటార్లు ఎక్కడ దొరికాయని రాశారో చూడండి. ఇక అరెస్టు కారణాలు. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, కారణాలు ఆ మనిషికి తెలిసిన భాషలో అర్థమయ్యేలా చెప్పాలని, లేకపోతే అరెస్టే చెల్లదని తేల్చింది. వినపడనివాడికి చదివి వినిపించి, తెలియజేశాం అని రాసుకుంటే ఏం తెలియజేసినట్టు? బెయిల్ పిటిషన్‌లో ఇదే మొదటి పాయింట్. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే కాగితం) జిరాక్సు జతచేయండి. లాయరు ఫీజు బెంగ వద్దు. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం వికలాంగులకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

కోనసీమ_దింపు:
మా ఊళ్ళో సంక్రాంతికి బరి మీద పోలీసులు పడ్డారండి. విజిల్ వినపడగానే జనం కొబ్బరితోటల్లోకి పరుగో పరుగు. మా కొబ్బరికాయల దింపు కుర్రాడొక్కడే కోళ్ళకేసి చూస్తూ నిలబడిపోయాడు. వినపడితే కదా! పందెం కాసినోళ్ళు ఇళ్ళకి చేరారు, రూపాయి పెట్టనోడు జీపెక్కాడు. చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వాడు మాట్లాడేదే చేతులతో. విడిపించుకుందామని గింజుకుంటే తిరగబడుతున్నాడని ఇంకో రెండు తగిలించారు. జరిమానాతో పోయింది గానీ ఇప్పటికీ ఖాకీ చొక్కా కనిపిస్తే చెట్టు దిగడు.

నిశ్శబ్ద_కాకినాడ:
నాకు వినపడదు. చదువుకున్నాను కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నా. చెక్కు బౌన్స్ కేసులో సాక్షిగా కోర్టుకి వెళ్ళాను. జడ్జిగారు ప్రశ్నలు కాగితం మీద రాయించి ఇచ్చారు, జవాబులు నేను రాసిచ్చాను. అంతవరకు బాగానే ఉంది. మిగతా సమయమంతా లాయర్లు జడ్జి వైపు తిరిగి మాట్లాడుకున్నారు. పెదాలు చూద్దామంటే నాకు నల్లకోట్ల వీపులే కనిపించాయి. మధ్యలో అందరూ నవ్వారు. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

సైగల_టీచర్:
ఉండి గారూ, సంజ్ఞాభాష తెలిసినవాళ్ళని తీసుకెళ్తే సరిపోతుందనుకోకండి. ఒక కేసులో నన్నలాగే పిలిచారు. సాక్షి లంక ఊరి అమ్మాయి, బడికి వెళ్ళలేదు. ఆమెవన్నీ ఇంట్లో పుట్టిన సైగలు. నేను చేసే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఆమెకి ఒక్క ముక్క అందలేదు. ఏ రోజు జరిగిందని అడిగితే తల మీద బుట్ట పెట్టుకున్నట్టు చూపించి వేళ్ళు ముడుస్తోంది. సంత జరిగాక ఎన్నో రోజో చెప్తోందని నాకు చాలాసేపటిదాకా వెలగలేదు. చివరికి వినపడని ఇంకొకావిణ్ణి పక్కన కూర్చోబెట్టాం. ఆవిడ బొమ్మలు గీసి, నటించి విషయం రాబడితే నేను జడ్జిగారికి చెప్పాను. అదంతా వీడియో తీశారు. మాట రాని సాక్షి వాంగ్మూలం వీడియో తీయాలని కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 125లో ఉంది.

ఉండి_చెరువుగట్టు:
మరి మా పెద్దమ్మ చెప్తే కుదరదా? వాడి సైగలు ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీవు.

కోర్టు_వరండా:
బెయిల్ దగ్గర, లాయరుకి విషయం చెప్పడానికి ఆవిడే దిక్కు. విచారణలో మాత్రం వద్దు. 2012లో రాజస్థాన్ ప్రభుత్వం వర్సెస్ దర్శన్ సింగ్ అని సుప్రీంకోర్టు తీర్పుంది. అందులో వినపడని సాక్షి సైగల్ని కన్నతండ్రే కోర్టుకి చెప్పాడు, ఆయన చేత ప్రమాణం చేయించలేదు. హత్య కేసు వీగిపోయింది. అనువదించే మనిషి అదే పరిసరాలవాడై ఉండాలి, కేసుతో లాభనష్టాలు ఉండకూడదు, ప్రమాణం చేయాలి అన్నారు. మీది ముద్దాయి వైపైనా ఆ మాటే ఎదురొస్తుంది.
ఇంకోటి, ముద్దాయికి ఎంతకీ అర్థం చేయించలేకపోయినా విచారణ ఆపక్కర్లేదని బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 357 (పాత చట్టంలో 318) అంటుంది. దోషి అని తేలితే కేసుని హైకోర్టుకి పంపాలి, అంతే. ఏం జరుగుతోందో తెలియని మనిషిని బోనులో నిలబెట్టి కేసు నడపొచ్చట! చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది నాకు.

రిటైర్డ్_వార్డరు:
జైలు సంగతి నేను చెప్తాను బాబూ. లోపల అంతా గంట మీద, కేక మీద నడుస్తుంది. లెక్కకి పిలిచినప్పుడు కదలకపోతే పొగరనుకుంటారు. మా దగ్గరొకణ్ణి అలాగే నిలబెట్టారు, చెవుడని రెండో పూటకి గానీ తెలీలేదు. నోటితో చెప్పి ఊరుకోకండి. సూపరింటెండెంట్‌కి అర్జీ రాసి, అడ్మిషన్ రిజిస్టర్లో వినపడదని ఎక్కించమనండి. తమిళనాడు నుంచి వచ్చిన మురుగానందం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న ఖైదీల్ని లోపలికి వచ్చినప్పుడే గుర్తించాలని చెప్పింది, ఆ మాట కూడా రాయండి. ఖైదీలకిచ్చే ఫోన్ కాల్ మీవాడికి ఎందుకూ పనికిరాదు. ఈ-ములాఖత్ అడగండి, అది వీడియో కాల్. మీ పెద్దమ్మ చేతులు తెరలోకి వచ్చేలా ఫోన్ దూరంగా పెట్టండి. మొహం ఒక్కటే చూపిస్తే ఏం లాభం?

ఉండి_చెరువుగట్టు:
అందరికీ దండాలండి. రిపోర్టు చూశాం. మోటార్లు ఇనప సామాన్ల కొట్లో దొరికాయట, వీడే చూపించాడని రాశారు. వీడి సైగలు పక్క గట్టు కాపలా అతనికి బాగా తెలుసు, వస్తానన్నాడు. అతనూ అదే యజమాని దగ్గర జీతానికి ఉన్నాడు. పర్లేదా?

కోర్టు_వరండా:
కేసు పెట్టిందే ఆ యజమాని కదా, అతను వద్దు. రేపు జీతం పోతుందని అటు తిరిగినా కష్టమే, మీవైపు చెప్పాడని వాళ్ళన్నా కష్టమే. రోజూ చెరువు దగ్గరికి వచ్చే వేరే మనిషిని చూడండి, మేత బస్తాలు దింపే ఆటో అతనైనా సరే. వీడు అతనికి ఎన్నేళ్ళుగా తెలుసో పిటిషన్‌లో రాయించండి. ఆ కొట్టుకి వీణ్ణి తీసుకెళ్ళినప్పుడు వీడియో తీశారా, పక్కన సైగలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది కూడా మీ లాయరు చేత అడిగించండి.