తమ్ముడు చేసిన పీట మీద కూర్చోవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
ఫైనార్ట్స్ చదివిన మా తమ్ముడు పాత ఇంటి టేకు దూలంతో పీట చేశాడు. మేకుల కన్నాలు అలాగే ఉంచాడు. మూడు కాళ్లు, ఒకటి బాగా బయటికి వాలి ఉంటుంది. చూస్తే శిల్పమే! అమ్మేమో దాని మీద కూర్చుని, ముందు కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతోంది. పసుపు మరకలు పడుతున్నాయి. వాడికి ఆనందమే, నాకే టెన్షన్. వాడాలా, దాచాలా?

జవాబు (బరంపురం):
వాడండమ్మా. జపనీస్-అమెరికన్ శిల్పి ఇసాము నొగూచి 1951లో జపాన్‌లోని గిఫులో లాంతర్ల తయారీ చూసి, వెదురు బద్దలు, మల్బరీ బెరడు కాగితంతో ‘అకారి’ దీపాలు మొదలుపెట్టాడు. ఆయన దృష్టిలో అవి శిల్పాలే, అయినా ఇళ్లలో వెలిగించుకోవడానికే అమ్మాడు. 1986లో ఇటలీలో జరిగే పెద్ద కళాప్రదర్శన వెనిస్ బినాలేలోనూ పెట్టాడు.

జవాబు (రాయగడ):
అమెరికన్ కళాకారుడు డొనాల్డ్ జడ్ మాత్రం తన శిల్పాలు వేరు, కుర్చీలు వేరు అని గట్టిగా గీత గీశాడండీ. కూర్చోవడానికి పనికిరాని కుర్చీ ఆయనకు నచ్చదు. నాకూ అదే సబబు. మీ ఊరి కొమ్ము దువ్వెన ఎంత అందమైనదైనా చిక్కు తీయాలి కదా!

ప్రశ్న అడిగినవారు:
నిజమేనండీ. మూడు కాళ్లవడం వల్ల మా ఎగుడుదిగుడు గచ్చు మీద కూడా ఊగదు. అది వాడు ఆలోచించే చేశాడు. మరి మరకలో?

జవాబు (బరంపురం):
తడిగుడ్డతో తుడిచి పొద్దుటి ఎండ తగలనివ్వండి, పసుపు వెలిసిపోతుంది. తర్వాత అవిసె నూనె పల్చగా రాయండి.