రొయ్యల షెడ్డు గేటు కార్డు మార్చాలా, అక్కర్లేదా?

ఆకివీడు_వైరింగ్: భీమవరం దగ్గర ఓ రొయ్యల షెడ్డు, 400 మంది. గేటుకీ హాజరుకీ ఒకటే 125 కిలోహెర్ట్జ్ కార్డు (రీడరు దగ్గర పెడితే నంబరు చెప్పే పాతరకం). ఐసునీళ్ళలో నానిన వేళ్ళని వేలిముద్ర మిషను సరిగా పట్టదు కాబట్టి కార్డే గతి. మార్చమని నేనంటున్నా. ఏమంటారు?

లాకుల_మాస్టారు: అందులో ఉన్నది ఉత్త నంబరేనండీ, డబ్బులా ఏంటి? వాచ్‌మన్ ఉన్నాడుగా.

ఆకివీడు_వైరింగ్: ఉత్త నంబరవడమే చిక్కు. ఆ కార్డులోని ఈఎం4100 చిప్పు రీడరు దగ్గరికెళ్తే చాలు, 64 బిట్లూ వల్లిస్తుంది. అందులో నంబరు 40 బిట్లు. రుజువు అడిగేదీ లేదు, చూపేదీ లేదు. టీ5577 అనే తిరగరాసే కార్డులో అదే నంబరు రాస్తే ఏది అసలో రీడరుకి తెలీదు. కార్డు కొట్టెయ్యక్కర్లేదు కూడా, ఫోటో చాలు. మీద 123,45678 అని కామాతో అచ్చేసినవి 8 బిట్లూ 16 బిట్లూ. రీడరు నుంచి గేటు కంట్రోలరుకి తీగల మీద నంబరు పంపే వీగాండ్ 26 పద్ధతిలో వెళ్ళేవి అవే, అటొకటి ఇటొకటి పారిటీ (తప్పు పట్టే బిట్టు).

యానాం_రీడర్: ఫోటో చాలదు. 40 బిట్లలో పై బైటు (మొదటి 8 బిట్లు) అచ్చులో ఉండదు.

ఆకివీడు_వైరింగ్: వీగాండ్ 26 పై బైటు పంపదండీ. ఏం రాసినా గేటు తీస్తుంది.

యానాం_రీడర్: వీగాండ్ 34 అయితే?

ఆకివీడు_వైరింగ్: 32 బిట్లు. కామా నంబరు పక్కన అచ్చేసే పదంకెల నంబరు మామూలుగా అదే.

కోనసీమ_బోర్డు: 13.56 మెగాహెర్ట్జ్ మైఫేర్ కార్డులు పెట్టేయండి, గొడవ వదుల్తుంది.

ఆకివీడు_వైరింగ్: వదలదు. మైఫేర్ క్లాసిక్‌లో 48 బిట్ల తాళంతో నడిచే క్రిప్టో-1 గుప్తలిపిని 2008 నాటికే విప్పేశారు. చాలాచోట్ల ఆ తాళమూ వాడరు, యూఐడీ (చిప్పు సొంత నంబరు) చదివి గేటు తీసేస్తారు. ఆ యూఐడీ ఉండే జీరో బ్లాకు తిరగరాసే కార్డులు బజార్లో ఉన్నాయి. డెస్‌ఫైర్ ఈవీ2 లాంటి కార్డు కావాలి: ఏఈఎస్ 128 గుప్తలిపి, కార్డూ రీడరూ ఒకదాన్నొకటి పరీక్షించుకుంటాయి, తాళం గాల్లోకి రాదు. మాస్టర్ తాళం నుంచి, యూఐడీ కలిపి, కార్డుకో తాళం తియ్యాలి. ఒకటి పోయినా 399 నిలుస్తాయి. మాస్టర్‌ని సామ్ చిప్పులో (తాళాలు బయటికివ్వని భద్రమైన చిప్పు) ఉంచాలి, డీలరు ల్యాప్‌టాప్‌లో కాదు. వీగాండ్ బదులు ఓఎస్‌డీపీ సెక్యూర్ చానల్ (రీడరుకీ కంట్రోలరుకీ మధ్య గుప్తలిపిలో మాట్లాడే పద్ధతి) వెయ్యండి, ఫ్యాక్టరీ తాళం మార్చి. లేదంటే బయటి రీడరు విప్పి డీ0, డీ1 అనే వీగాండ్ తీగలకి క్లిప్పులు పెడితే నంబర్లన్నీ దొరుకుతాయి. స్టీలు గోడకి రీడరు నేరుగా బిగిస్తే ట్యూనింగ్ చెడి రేంజి పడిపోద్ది. వెనక ఫెర్రైట్ షీటు (అయస్కాంత క్షేత్రాన్ని లోహం నుంచి మళ్ళించేది) వెయ్యాలి.

లాకుల_మాస్టారు: అదీ సంగతి, డీలరు బేరం! దూరంగా ఉన్న కార్డు మాటల్ని ఇంకో పరికరంతో రీడరు దాకా రిలే చేస్తే మీ ఏఈఎస్ ఏం చేస్తుంది?

కోనసీమ_బోర్డు: ఈవీ2లో ప్రాక్సిమిటీ చెక్ (కార్డు నిజంగా దగ్గరే ఉందా అని జవాబు వేళని బట్టి చూడటం) ఉంది మాస్టారూ. రీడరు కూడా దాన్ని వాడాలి మరి.

లాకుల_మాస్టారు: సరే, కార్డు పక్కమ్మాయికిచ్చి కొట్టిస్తే? ఏ క్రిప్టో ఆపుద్ది? కార్డు పంచ్ పడితే ఆ మనిషిదే బాధ్యత. దొంగ పంచ్‌కి కూలి కొయ్యాల్సిందే.

ఆకివీడు_వైరింగ్: ఇప్పుడొచ్చారు అసలు మాటకి! మీక్కావలసింది గేటు కాదు, కోత. అరువిచ్చిన కార్డూ నకలు కార్డూ మీ హాజరు లాగ్‌లో (రికార్డులో) ఒకేలా కనపడతాయి. ఫోటో తీసి ఎవడో నకలు చేస్తే అసలు కార్డున్న ఆవిడ కూలి ఎలా కోస్తారు?

లాకుల_మాస్టారు: మీ డెస్‌ఫైర్ పెడితే నకలన్న సాకూ పోద్ది. అప్పుడు ఆవిడ మీదే పడదా?

ఆకివీడు_వైరింగ్: పడుతుంది, ఒప్పుకుంటా. ఆ కార్డు వచ్చిందని చెప్తుంది గానీ మనిషి వచ్చిందని చెప్పదు. అందుకే పంచ్ పడ్డప్పుడల్లా కెమెరా ఫోటో ఒకటి లాగ్‌కి కలపండి. ఫోటో లేని పంచ్‌కి కోత వద్దు. దీనికి యాజమాన్యం ఒప్పుకోకపోతే పాత కార్డులే ఉంచమంటా.

యానాం_రీడర్: 37 బిట్ల వీగాండ్ అయితే?