విదేశీ సంబంధాలున్న విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వ నిధులు ఆపడం న్యాయమేనా?

బరంపురం, విశ్రాంత అధ్యాపకుడు:

అమెరికాలో కొన్నేళ్లుగా సాగుతున్న ఒక వాదన ఇప్పుడు మన విద్యావంతుల నోటా వినిపిస్తోంది కనుక దానిని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. పరాయి ప్రభుత్వాలతో, ముఖ్యంగా చైనాతో, సంబంధం పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి ప్రజల పన్నుల సొమ్ము ఇవ్వరాదన్నది ఆ వాదన. చైనా ప్రభుత్వ మద్దతుతో చైనా భాష, సంస్కృతి నేర్పే కన్ఫ్యూషియస్ సంస్థలున్న విశ్వవిద్యాలయాల్లో చైనా భాషా బోధనకు రక్షణశాఖ సొమ్ము వాడకుండా 2018లో అక్కడ చట్టం చేశారు. 2022 ఆగస్టు నాటి చిప్స్ అండ్ సైన్స్ చట్టం, పరిశోధనలకు సొమ్మిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులకూ అటువంటి షరతే పెట్టింది. 2019లో అమెరికాలో సుమారు 100 ఉన్న కన్ఫ్యూషియస్ సంస్థలు 2023 నాటికి అయిదుకన్నా తక్కువకు వచ్చాయి.

ఒక ఫలానా సంస్థను పేరు పెట్టి చూపి, దానిని మూసివేయమని అడగడం వేరు. ఒక విభాగంలో ఒకరికి ఉన్న పరిచయాన్ని చూపి విశ్వవిద్యాలయం మొత్తానికి నిధులు బిగించడం వేరు. రెండవది నాకు సమ్మతం కాదు. మన ఐఐటీల పుట్టుకే చూడండి. బొంబాయి ఐఐటీ 1958లో యునెస్కో ద్వారా అందిన సోవియట్ సాయంతోనూ, మద్రాసు ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సాయంతోనూ మొదలయ్యాయి. కాన్పూరుకు 1962 నుండి పదేళ్లపాటు తొమ్మిది అమెరికా విశ్వవిద్యాలయాలు అండగా నిలిచాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో రెండు శిబిరాలనుండీ మనం చదువు తెచ్చుకున్నాం. ఒకరి సాయం పొందినందుకు నిధులు కోసివేసే నియమమే ఆనాడు ఉండి ఉంటే వీటిలో ఏది నిలిచేది?

సునాబెడ, విశ్రాంత ఇంజనీరు:

మాస్టారూ, మీ ఉదాహరణే నా వాదనకు ఆధారం. మా సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం సోవియట్ సహకారంతోనే వచ్చింది. అయితే అది రెండు ప్రభుత్వాల మధ్య సంతకాలతో జరిగిన ఒప్పందం. ఎవరు వస్తున్నారో, ఏ డ్రాయింగు ఎవరి చేతికి వెళ్తోందో రిజిస్టరులో ఉండేది. నా ఉద్యోగకాలమంతా ఆ క్రమశిక్షణలోనే గడిచింది, దానివల్ల పని ఆగిందని నాకెన్నడూ అనిపించలేదు. మీరు చెప్పిన ఐఐటీల సంబంధాలూ అలా బహిరంగమైనవే. నా భయం దాచిన సంబంధాల గురించి.

హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ లీబర్ తన ప్రభుత్వంనుండి 1.5 కోట్ల డాలర్లకు పైగా పరిశోధన గ్రాంట్లు పొందుతూనే, వుహాన్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో నెలకు 50,000 డాలర్ల వరకు జీతం ఇచ్చే ఒప్పందం చేసుకుని, అడిగినప్పుడు అబద్ధం చెప్పాడు. 2021 డిసెంబరులో జ్యూరీ అతనిని దోషిగా తేల్చింది. విశ్వవిద్యాలయాలూ తక్కువ తినలేదు. 2,50,000 డాలర్లు దాటిన విదేశీ కానుకలను, ఒప్పందాలను వెల్లడించాలన్న నియమం అమెరికాలో 1986 నుండీ ఉంది. 2019లో విద్యాశాఖ గట్టిగా విచారణ మొదలుపెట్టేసరికి అంతవరకు చెప్పని 650 కోట్ల డాలర్ల లెక్క బయటపడింది. నియమం ఉంది, శిక్ష లేదు, కాబట్టి ముప్పై ఏళ్లు ఎవరూ లెక్కచేయలేదు. డబ్బు ఆగుతుందన్న భయం ఒక్కటే పెద్ద సంస్థల చేత కాగితం నింపిస్తుంది.

ఇది దూరదేశపు గొడవ అనుకోవద్దు. మన ఛత్రపురం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో అణు ఇంధనానికి పనికివచ్చే థోరియం ఉంది, అరుదైన మూలకాలున్నాయి. ఆ ఇసుకపై జరిగే పరిశోధన ఎవరి సొమ్ముతో జరుగుతోందో అడిగే హక్కు దేశానికి లేదా?

రాయగడ, పరిశోధక విద్యార్థిని:

ఇంజనీరు గారికి నమస్కారం. అడిగే హక్కు ఉందండీ, దానిని నేను కాదనను. కానీ నిధులు ఆపినప్పుడు దెబ్బ ఎవరిమీద పడుతుందో కూడా చూడాలి. నాకు నెలకు వచ్చే 37,000 రూపాయల ఫెలోషిప్పుతోనే మా ఇల్లు నడుస్తోంది. మా విశ్వవిద్యాలయంలో నాకు ముఖపరిచయమైనా లేని ఒక ఆచార్యుడు ఏదో ఒప్పందం దాచాడని గ్రాంటు ఆగితే, ఆయన జీతం ఎలాగూ వస్తుంది. మధ్యలో చదువు మానుకునేది నేను.

అనుమానం ఎంత దూరం పోతుందో కూడా మీరు చెప్పిన దేశమే చూపింది. ఎంఐటీ ఆచార్యుడు గాంగ్ చెన్‌ను చైనా సంబంధాలు దాచాడని 2021 జనవరిలో అరెస్టు చేసి, ఏడాది తర్వాత ఆరోపణలన్నీ ఉపసంహరించుకున్నారు. చైనా కోసం రహస్యాలు దొంగిలిస్తున్నారన్న కేసులు పట్టడానికి 2018లో మొదలైన ‘చైనా ఇనిషియేటివ్’ను 2022 ఫిబ్రవరిలో అక్కడి న్యాయశాఖే ముగించింది.

మనకూ ఒక చిన్న అనుభవం ఉంది. దేశ భద్రతకు, సరిహద్దులకు, అంతర్గత వ్యవహారాలకు సంబంధించిన ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకు ముందే అనుమతి తీసుకోవాలని 2021 జనవరిలో కేంద్రం ఆదేశించింది. శాస్త్రవేత్తల సంఘాలు అభ్యంతరం చెప్పడంతో మరుసటి నెలలోనే వెనక్కు తీసుకుంది. ఆ కొద్ది వారాల్లోనే మా మార్గదర్శి భూగర్భజలాలపై ఏర్పాటు చేసిన ఒక ఉపన్యాసం ఆగిపోయింది. భూగర్భజలం అంతర్గత వ్యవహారం అవునో కాదో మా కార్యాలయంలో ఎవరూ చెప్పలేకపోయారు, చెప్పలేరు కనుక వద్దన్నారు. పెద్ద ఐఐటీకి న్యాయ సలహాదారులు ఉంటారు. మా వైపు సంస్థలలో అలాంటి ఫైలు చూసేది ఒకే ఒక గుమాస్తా. నియమం అస్పష్టంగా ఉంటే దోషి జాగ్రత్తపడతాడు, నిర్దోషి పని మానుకుంటాడు.

పర్లాకిమిడి, న్యాయవాది:

ఒక్క వివరం చేరుస్తాను. చైనా సంస్థలతో అవగాహన ఒప్పందం చేసుకునే ముందు హోంశాఖ, విదేశాంగశాఖల అనుమతి పొందాలని 2019 అక్టోబరులోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విశ్వవిద్యాలయాలకు తెలిపింది. అంటే మన దగ్గర తలుపు వద్దనే తనిఖీ ఉంది. అందుచేత అమెరికాలో మాదిరి నిధుల కోత అవసరమా అన్న ప్రశ్న, ఆ తనిఖీ సరిగా జరుగుతోందా అన్న ప్రశ్న తర్వాతే రావాలి.

సునాబెడ, విశ్రాంత ఇంజనీరు:

అమ్మా, నీ ఫెలోషిప్పు సంగతి నేను ఆలోచించలేదు. విద్యార్థి పేరున వచ్చే సొమ్మును దీనికి ముడిపెట్టరాదని ఒప్పుకుంటున్నాను. అయితే యాజమాన్యానికి తెలిసి కూడా దాచిన చోట, ఆ సంస్థకు కొత్త పరిశోధన గ్రాంట్లు కొంతకాలం ఆపవలసిందే. వ్యక్తిని మాత్రమే శిక్షిస్తే రేపు మరో వ్యక్తి ఆ కుర్చీలో కూర్చుని అదే పని చేస్తాడు.

బరంపురం, విశ్రాంత అధ్యాపకుడు:

‘తెలిసి దాచిన’ అన్న మాట మీరు చేర్చారు కనుక నేనూ ఒక అడుగు ముందుకు వస్తాను. 650 కోట్ల లెక్క విన్నాక, వెల్లడికి శిక్ష తోడు ఉండాలన్న మాటను కాదనలేకపోతున్నాను. కానీ తెలిసి దాచారని తేల్చేది ఎవరు? నిధులిచ్చే శాఖే ఆరోపించి, అదే తీర్పు చెప్పి, అదే సొమ్ము ఆపితే నేను ఒప్పుకోలేను. ఏ ప్రాజెక్టుపై అనుమానమో కాగితం మీద రాసి ఇవ్వాలి, సంస్థ జవాబు వినాలి, ఆ శాఖకు చెందని వారు తేల్చాలి. ఛత్రపురం ఇసుక మీద అనుమానం వస్తే ఆ ప్రాజెక్టును ఆపండి. తేలేవరకు పక్క గదిలో భూగర్భజలం లెక్కపెడుతున్న అమ్మాయి పరికరాలకు తాళం వేయకండి.