సమస్యాపూరణం: ముగియఁ గూడదు, వెంటనె ముగియవలయు

ఈ వారం సమస్య, అంటే మీ పద్యానికి చివరి పాదం కావలసిన మాట:

ముగియఁ గూడదు, వెంటనె ముగియవలయు

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణం అంటే పొట్టి, పొడుగు అక్షరాల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు కాబట్టి కొత్తవాళ్ళూ ధైర్యంగా పూరించవచ్చు.

ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను. మీరు వదలకుండా చదివే ప్రేమ నవలల రచయిత్రి మీద పద్యం కావాలి. పేరు మాత్రం పెట్టవద్దు, ఎవరి రచయిత్రి వారిది. ఈ మధ్య మా రచయిత్రి నవల ఒకటి మూడోసారి చదివాను. హీరో అందరి ముందూ ఆ అమ్మాయిని చులకన చేసిన చోట కోపం వచ్చి పుస్తకం మూసేశాను. పావుగంట ఆగలేకపోయాను. ఎందుకంటే తర్వాతి ప్రకరణంలో ఏముందో నాకు తెలుసు. ఆమె చెప్పు తెగి మెట్ల మీద కూర్చుండిపోతుంది. అతను నోరెత్తకుండా వంగి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి వెళ్ళిపోతాడు. మళ్ళీ వెనక్కి చూడడు. ఆ పిన్నీసు కోసం ఆ చులకనని ఎన్నిసార్లు భరించానో! ఆ రెండూ మీ పద్యాల్లో కనబడాలి.

మొదటి పూరణ

రాత్రి రెండయ్యె, నిద్దుర రాదు నాకు;
కడకు వచ్చిన నవలలోఁ గలికి కథయుఁ
గంటినీరును జంటగాఁ గలిసె నిచట;
ముగియఁ గూడదు, వెంటనె ముగియవలయు.

ముందు చెప్పిన వరుసలోనే తర్వాతి మాటలు జతపడే క్రమాలంకారం చక్కగా పట్టారు మాస్టారూ. కథ ముగియకూడదు, కన్నీరు వెంటనే ముగియాలి. ఆ కన్నీరు ఎవరిదో మీరు తేల్చలేదు. నాయికదీ కావచ్చు, రాత్రి రెండింటికి మేలుకుని ఉన్న చదువరిదీ కావచ్చు. అదే ఈ పద్యానికి అందం. మూడో పాదం చివర 'నిచట' మాత్రం గణం నింపడానికి వచ్చిన మాట. 'జంటగాఁ గలిసిపోయె' అంటే యతి చెడదు, అర్థం కూడా బిగుస్తుంది.

రెండో పూరణ

మూస యొక్కటె, వలవేసి ముంచు నన్ను;
కసరి మాటాడు వానినె కాంత వలచు;
మనసు బుద్ధియు నాలోన మాటలాడె:
"ముగియఁ గూడదు", "వెంటనె ముగియవలయు".

మనసు ఒక మాట, బుద్ధి ఒక మాట. సమస్యని రెండు నోళ్ళకి పంచారు, బాగుంది. కానీ వల వేస్తే పట్టుకుంటారు గానీ ముంచరు కదండీ. 'మూస యొక్కటె యైనను ముంచు నన్ను' అంటే మీరు చెప్పదలుచుకున్నది సూటిగా వస్తుంది. రెండో పాదంలో 'కాంత' నాకు నచ్చలేదు. ఈ నవలల్లో ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తుంది, ఇంటి అప్పులు తీరుస్తుంది. ఆమెని 'కాంత' అనగానే క్యాలెండరు బొమ్మ అయిపోతుంది.

*పూరించినవారి జవాబు:* మొదటి సవరణ ఒప్పుకుంటున్నానండీ. 'కాంత' మాత్రం 'కసరి'కి యతి కుదరాలని పెట్టాను. మీరు అన్నాక ఆలోచిస్తే 'కసరి మాటాడు వానినె కలలఁ గాంచు' అని తోచింది. యతి నిలిచింది, కాంత పోయింది. ఒక్క మాట చెప్పుకోవాలి. ఆవిడ వాక్యం అంటే నాకు ప్రాణం. కళ్ళకు కట్టినట్టు రాస్తుంది. అందుకే మనిషిని కించపరచడాన్ని ప్రేమగా చూపిస్తే అంత బాధ. చేతగాని రచయిత రాస్తే పట్టించుకునేదాన్ని కాదు.

'కలలఁ గాంచు' నా సూచన కన్నా చాలా మేలు. మీ బాధ నాదీ. మన అలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవారు) చెప్పిన అష్టవిధ నాయికల్లో కలహాంతరిత ఉంది. కోపంలో ప్రియుణ్ణి పొమ్మని, తర్వాత పశ్చాత్తాపంతో కుమిలిపోయేది. ఈ నవలల్లో అలా కుమలవలసినవాడు నాయకుడు. కానీ రచయిత్రి ఆ కుమిలిపోవడాన్ని మనకి చూపించదు. ఒక పూట దిగులుగా కిటికీ దగ్గర నిలబెట్టి సరిపెడుతుంది. ఈ మూస ఆవిడ కనిపెట్టింది కూడా కాదు. 1740లో ఇంగ్లీషులో రిచర్డ్‌సన్ రాసిన 'పమేలా'లో యజమాని పనిపిల్లని వేధిస్తాడు, నిర్బంధిస్తాడు, చివరికి మారి పెళ్ళాడతాడు. అంత పాత అచ్చులో పోసినా ఆవిడ నాయికకి ఆత్మాభిమానం ఇచ్చింది. జీతం కవరు బల్ల మీద పెట్టి తలెత్తుకుని బయటికి నడిచే అమ్మాయిని ఇచ్చింది. ఆ నడక కోసమే నేను ఇంకా చదువుతున్నాను.

మూడో పూరణ

మున్ను మున్నూఱు పుటలందు ముసిరినట్టి
చిక్కు తుది పుటలోననె చెదరిపోయె;
ఇంత తొందర యేలమ్మ! యిట్టి కథలు
ముగియఁ గూడదు వెంటనె, ముగియవలయు.

శభాష్! కామా ఒక్క మాట జరిగింది, సమస్య విడిపోయింది. హఠాత్తుగా ముగియకూడదు, కానీ ముగియాలి. అక్షరం మారలేదు, గణం కదలలేదు.

*మరొక సభ్యుడి అభ్యంతరం:* సమస్యలో కామా 'గూడదు' తర్వాత ఉంది. దాన్ని జరిపే హక్కు పూరించేవారికి ఉంటుందా?

ఉంటుంది. పద్యం చెవికి సంబంధించింది. విరామ చిహ్నాలు మనకి అచ్చుతో వచ్చినవి, తాటాకు మీద కామాలు లేవు. అవధానంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, సమస్యని నోటితో చెబుతాడు, ఎక్కడ విరవాలో అవధాని చూసుకుంటాడు. ఈ విరుపు ఛందస్సుకీ అర్థానికీ కూడా సరిపోయింది.

ఇక విషయానికి వస్తే, ఈ నవలల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఈ పద్యంలో ఉంది. ఒక ఉత్తరం అందకపోవడం, సగం విన్న ఒక మాట, దాని మీద మూడు వందల పేజీలు. చివరి పేజీలో ఎవరో వచ్చి 'అది అతని చెల్లెలు' అంటారు, అంతే. జేన్ ఆస్టిన్ 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఏం చేసిందో చూడండి. నాయకుడు సంజాయిషీ రాసిచ్చిన ఉత్తరం 61 ప్రకరణాల పుస్తకంలో 35వ ప్రకరణంలోనే వచ్చేస్తుంది. మిగతా పుస్తకమంతా ఆ ఇద్దరూ తమ తప్పు తెలుసుకుని నెమ్మదిగా మారడమే. చిక్కు విడ్డాక కూడా చెప్పడానికి అంత కథ ఉంటుంది. మా రచయిత్రికి ఆ శక్తి లేదని నేను అనను. పిన్నీసు ఘట్టం రాసిన చెయ్యి అది. ఆ చెయ్యి చివర్లో తొందరపడితేనే నాకు కోపం.

'యేలమ్మ' అని ఆవిడని పిలవడం బాగుంది. కోప్పడుతూనే 'అమ్మా' అన్నారు.

నాలుగో పూరణ

పెళ్ళితోఁ బ్రతి నవలయు ముగిసిపోవు;
పెళ్ళి పిమ్మట నున్నది పెద్ద కథయె;
ప్రేమయుం బెండ్లి తంతునుఁ బెనఁగుచుండ
ముగియఁ గూడదు, వెంటనె ముగియవలయు.

ఇదే మొదటి పద్యమని రాశావు తమ్ముడూ. గణాలన్నీ కుదిరాయి, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. 'పె'కి 'ము' చెల్లదు. 'పు'కి 'ము' చెల్లుతుందని చదివి ఉంటావు, ఆ వెసులుబాటు ఉకారం ఉన్నప్పుడే. ఇలా మార్చి చూడు:

పెళ్ళితోడనె నవలకుఁ బెట్టుఁ జుక్క

క్రమాలంకారం మొదటి పూరణలో వచ్చేసింది గానీ నీ ఊహ వేరు. ప్రేమ ముగియకూడదు, తంతు త్వరగా ముగియాలి. రెండో పాదం నిజంగా మంచి పాదం. రిచర్డ్‌సన్ 1741లో పమేలా పెళ్ళి తర్వాతి జీవితం కూడా రాశాడు. మొదటి భాగానికి వచ్చిన ఆదరణ దానికి రాలేదు. పెళ్ళి దగ్గర ఆగిపోవడంలో చదువరులుగా మన వంతు కూడా ఉందేమో ఆలోచించు.

ఐదో పూరణ

అమ్మ చదివిన ప్రతిలోన నంచులందుఁ
బెన్సిలున వ్రాసె నొకమాట, పిదప నేను
దాని క్రిందుగ వ్రాసితిఁ దగిన బదులు:
"ముగియఁ గూడదు", "వెంటనె ముగియవలయు".

*పూరించినవారి మాట:* పద్యం కోసం కల్పించింది కాదండీ. అమ్మ చివరి పేజీ అంచున 'అప్పుడే అయిపోయిందా!' అని రాసుకుంది. అమ్మ పోయాక ఆ ప్రతి నా దగ్గరికి వచ్చింది. చదువుతుంటే హీరో మీద ఒళ్ళు మండి, అమ్మ రాతకింద 'ఈ ముక్క మొదటి పేజీలోనే చెప్పి ఉంటే ఎప్పుడో అయిపోయేది' అని రాశాను. రాశాక గానీ తెలియలేదు, అమ్మతో మాట్లాడుతున్నానని. ఆ రచయిత్రిని నేను ఎంత తిట్టుకున్నా ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వను.

దిద్దడానికి ఏమీ లేదమ్మా. మొదటి పాదంలో 'అ'కీ 'నంచు'లోని అకారానికీ స్వరయతి సరిపోయింది, రెండో పాదంలో 'బె'కి 'పి' సరిపోయింది. 'పెన్సిలున' అన్న మాట తేటగీతిలో అంత సహజంగా ఇమడటం నేను ఇదే చూడటం. ఆ పుస్తకం అంచుల్లో అమ్మగారు రాసుకున్న మిగతా మాటలు కూడా ఉంటే, వీలు చూసుకుని రాసి పంపండి. వచ్చే వారం సమస్య వాటిలోంచే ఇస్తాను.